పెరట్లో రాకాసి: ఒక్కరే ఆడే హాస్య ప్రదర్శన ఎలా తయారు చేసుకోవాలి?

విజయనగరంలో ఓ పెద్ద రాకాసి తిరుగుతోందనీ, దాంతో ఊరి జనం పడే పాట్లే మీ కథ అనీ అనుకోండి. ముందు రాకాసి ఎత్తు తేల్చండి. విజయనగరం జనానికి అడుగుల్లో చెబితే ఎక్కదు, గంటస్తంభంతో చెబితే ఎక్కుతుంది. అది 68 అడుగులు. రాకాసిని 140 అడుగులు అనుకుంటే స్తంభం దాని నడుం దాకా వస్తుంది. 'గంటస్తంభానికి నడుం రుద్దుకుంటోంది' అనే ఒక్క మాట చాలు, ఇక కొలతలు అక్కర్లేదు.

అది ఊళ్లోకొచ్చి పదేళ్లయిందనుకోండి. భయం పోయింది, విసుగు మిగిలింది. నవ్వంతా ఆ విసుగులోంచే రావాలి. పది ఫిర్యాదులు రాసుకుని మూడు ఉంచుకోండి: మేడ మీది వడియాలపై నీడ పడి మూడు రోజులైనా ఎండలేదు; మూడు లాంతర్ల కూడలి దగ్గర దాని అడుగులో నీళ్లు నిలిచి దోమలు; దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లి జాతరలో సిరిమాను ఊరేగింపు కనపడకుండా ముందే వచ్చి నిలబడింది. చావులు మాత్రం వద్దు. ఒక్క శవం వచ్చిందా, ఆ తర్వాత ఐదు నిమిషాలు ఎవరూ నవ్వరు.

20 నిమిషాలకు 2,000 మాటలు దాటకండి, నవ్వులకూ చోటుండాలి. పాత్రలు మూడు, తువ్వాలు ఒకటే. తల మీదుంటే వడియాల ముసలమ్మ, భుజాన ఉంటే టీకొట్టు ఆయన, చంకలో మడత పెడితే మున్సిపాలిటీ గుమస్తా. మార్చేటప్పుడు మాట ఆగకూడదు.

ఎక్కువమంది తప్పేది చూపు దగ్గర. హాలు వెనక గోడ మీద, ఆఖరి వరసకు బాగా పైన ఒక గుర్తు పెట్టుకోండి. అదే రాకాసి మొహం. ముసలమ్మ ముందు తలెత్తాలి, తర్వాతే అరవాలి: "ఓలమ్మ, కూసింత అటు జరగవే! నా వడియాలెప్పుడెండుతాయి?" మాటల ఊపులో గడ్డం కిందికి దిగిందంటే 140 అడుగుల రాకాసి గేదె అంతవుతుంది. గుమస్తా మాత్రం తలెత్తనే ఎత్తడు, దాని కాలి గోరుకే నోటీసు చదువుతాడు.

అడుగుల చప్పుడుకు తెర వెనక డప్పు. దాన్ని మంటకు కాచకండి. చర్మం వదులుగా ఉంటేనే ఆ బరువైన దిమ్మ వస్తుంది. దెబ్బకూ దెబ్బకూ మూడు సెకన్లు. టీకొట్టు ఆయన చేతిలో స్టీలు గ్లాసు, అందులో చెంచా. డప్పు మోగిన తర్వాతే మణికట్టు అదరాలి, చెంచా గలగలలాడాలి. ముందే అదిరితే జనం నవ్వేది మిమ్మల్ని చూసి. నాలుగో దెబ్బకు ఆయన పైకి చూడకుండానే గ్లాసు మీద అరచెయ్యి మూసి, పాల రేటు గురించి మాట్లాడుతూనే ఉండాలి. పదేళ్ల అలవాటంతా ఆ అరచేతిలో ఉంది, దీన్నే ఎక్కువసార్లు సాధన చేయండి.

ఉత్తరాంధ్ర యాస మీది కాకపోతే అరువు తెచ్చుకోకండి. 'ఏటి', 'బావు' అని చల్లితే ఇక్కడివాళ్లు మొదటి నిమిషంలోనే పట్టేస్తారు.

చివర్లో రాకాసిని చంపకండి. ఒకరోజు రాదు, అంతే. వడియాలు ఎండిపోతాయి. ముసలమ్మ ఆ గుర్తు వైపే చూస్తుంది. టీకొట్టు ఆయన గ్లాసు నింపుతాడు. డప్పు మోగదు, అయినా అరచెయ్యి గ్లాసు మీదికి వెళ్తుంది. అక్కడ లైట్లు ఆపించండి.