బొంత కుట్టు నేర్చుకుందాం – 4వ పాఠం: ఫ్రేమ్ మీద మొదటి వరస

పోయిన పాఠంలో మూడు పొరలనూ ఫ్రేమ్ కడ్డీలకు బిగించి ఆపాం: అడుగున పాత నేతచీర, మధ్యన దూది పొర, పైన ముక్కలు కలిపి కుట్టిన బట్ట. ఈసారి మిషన్ ఎక్కిద్దాం. చక్రాల పలక మీద మిషనే అటూ ఇటూ కదులుతుంది కాబట్టి కాలితో తొక్కేది పనికిరాదు, మోటారు ఉండాలి.

ముందు టేపు తీసుకుని సూది దగ్గర్నుంచి మిషన్ ఒంటి వరకు ఉన్న ఖాళీ కొలవండి. ఇళ్ళలో వాడే చాలా మిషన్లకు అది 6, 7 అంగుళాలే. కుట్టిన బొంత కడ్డీకి చుట్టుకుంటూ ఆ ఖాళీలోకే వస్తుంది, చుట్ట లావయ్యే కొద్దీ ఖాళీ తగ్గిపోతుంది. అందుకే డిజైన్ ఎత్తు మొదటి నుంచీ 3 అంగుళాలు దాటనివ్వకండి. కావలిలో మా పిన్నికి కుట్టిన మొదటి బొంతకు నేనీ లెక్క చూసుకోలేదు. పెద్ద పెద్ద పువ్వులతో మొదలుపెడితే, సగం దాటాక అవి పట్టక మిగతాదంతా అడ్డగీతలతో ముగించాను. పిన్ని ఏమీ అనలేదు గానీ, అది చూసినప్పుడల్లా నా ప్రాణం ఉసూరుమంటుంది.

బట్టను లాగే పళ్ళు దించేయండి. రఫ్ఫు కుట్టే ఫుట్, 14 నంబరు సూది బిగించండి. బట్ట మరీ డప్పులా బిగుసుకుంటే కుట్లు తప్పిపోతాయి. కింద నుంచి వేలితో పొడిస్తే పైన వేలి ఆకారం తెలిసేంత వదులుండాలి.

ఇక అసలు సంగతి. పళ్ళు దించేశాం కాబట్టి కుట్టు పొడవు చూసుకునే పని ఇప్పుడు మీ చేతిది. మెలికల ముగ్గు వేసేటప్పుడు ఏం చేస్తారో గుర్తు తెచ్చుకోండి. వేళ్ళ సందు నుంచి పిండి ఒకే తీరున జారుతుంటుంది. చెయ్యి ఆగితే కుప్ప పడుతుంది, పరుగెత్తితే గీత తెగుతుంది. ఇక్కడ పిండి జారినట్టు మోటారు నడవాలి. పెడల్ మీద కాలు ఒకే ఒత్తిడితో ఉంచి, చేతిని దానికి తగ్గట్టు కదపండి. మలుపుల దగ్గర చెయ్యి తెలియకుండానే పరుగెడుతుంది, అక్కడ కాస్త నిదానం.

మొదలుపెట్టేటప్పుడు మిషన్ పక్కనున్న చక్రం చేత్తో తిప్పి ఒక్క కుట్టు వేసి, బాబిన్ దారాన్ని (కింది దారాన్ని) పైకి లాగండి. రెండు దారాలూ పట్టుకుని నాలుగు చిన్న కుట్లు వేశాక ముందుకు కదలండి.

జానెడు కుట్టగానే ఆగి, ఫోను ఫ్రేమ్ కిందకి పెట్టి ఫొటో తీయండి. మలుపుల దగ్గర మాత్రమే పైదారం ఉచ్చులుగా వేలాడుతుంటే తప్పు చేతి వేగానిది, టెన్షన్ (పైదారం బిగువు) ముట్టుకోవద్దు. తిన్నని గీతలో కూడా ఉచ్చులుంటే పైదారం మిషన్‌లో సరిగ్గా ఎక్కించారో లేదో చూసి, అప్పుడు టెన్షన్ కొంచెం బిగించండి. బాబిన్ దారమే పైకి చుక్కలుగా కనబడితే వదులు చేయండి.

ఈ వారం పాత దుప్పటి ముక్కల మీద మెలికలే కుట్టండి. బొంతను చుట్టి రెండో వరసకి వెళ్ళడం వచ్చే పాఠంలో.