కబడ్డీలో తలకు దెబ్బ తగిలితే ఏం చేయాలి

సంక్రాంతి సెలవుల్లో హన్మకొండ, జనగామ, ములుగు వైపు ఊళ్లలో కబడ్డీ పోటీలు పెట్టేవారు మట్టి చదును చేయడం నుంచి లైట్లు కట్టడం దాకా అన్నీ ముందే చూసుకుంటారు గానీ, దెబ్బ తగిలిన ఆటగాణ్ని ఎవరు ఆపాలన్నది దెబ్బ తగిలాకే ఆలోచిస్తారు. ఆ అధికారాన్ని రెండు జట్లతోనూ సంబంధం లేని ఒకరికి పోటీకి ముందే అప్పగించాలి. పాయింట్లు లెక్కపెట్టుకునే కెప్టెన్‌కు అది ఇవ్వకూడదు.

చీలమండ పట్టుకోబోయిన డిఫెండర్ కణతకు రైడర్ మోకాలు తగలడం, రెండు వైపుల నుంచి దూకినవారి నుదుళ్లు ఢీకొనడం, వెల్లకిలా పడ్డవాడి తల నేలకు కొట్టుకోవడం మన మైదానాల్లో తరచూ చూసేవే. స్పృహ తప్పితేనే పెద్ద దెబ్బ అనుకోవడం పొరపాటు, ఎందుకంటే కంకషన్ (దెబ్బకు మెదడు కుదుపుకు గురై దాని పని కొంతకాలం దెబ్బతినడం) అయినవారిలో ఎక్కువమంది స్పృహ కోల్పోరు. లేచి తూలడం, శూన్యంలోకి చూడడం, అడిగిందే మళ్లీ అడగడం వంటివాటిలో ఒక్కటి కనిపించినా బయటికి పిలిచి, ఇది మొదటి సగమా రెండోదా, చివరి పాయింట్ ఎవరికి వచ్చింది అని అడగాలి. "ఏం కాలేదన్నా, ఆడుత" అనే మాటను లెక్కలోకి తీసుకోకూడదు. దెబ్బ తగిలిన మెదడే ఆ తీర్పు చెబుతోంది. జవాబులు సరిగ్గా ఉన్నా అనుమానం తీరకపోతే బదులు ఆటగాణ్ని దింపాలి.

స్పృహ లేకపోయినా, మెడ నొప్పి అంటున్నా, చేతులు కాళ్లు తిమ్మిరెక్కినా నలుగురూ కలిసి ఎత్తేయకూడదు. తలను ఉన్నచోటే రెండు చేతులతో కదలకుండా పట్టుకొని, శ్వాస ఆడుతోందో లేదో గమనిస్తూ 108కి ఫోన్ చేయించాలి. ముఖాన నీళ్లు కొట్టడం, ఉల్లిగడ్డ వాసన చూపడం, ఫిట్స్ వస్తే చేతిలో తాళంచెవులు పెట్టడం వల్ల ఏ మేలూ జరగదు, సమయం మాత్రం పోతుంది.

లేచి తిరుగుతున్నవాణ్ని కూడా ఒంటరిగా వదలకూడదు, బండి నడపనివ్వకూడదు, ఆ రాత్రి మద్యం ముట్టనివ్వకూడదు. తలనొప్పి పెరుగుతున్నా, వాంతులు ఆగకపోయినా, ఒకటి రెండుగా కనిపిస్తున్నా, మత్తుగా ఉండి లేపితే లేవకపోయినా వెంటనే వరంగల్ ఎంజీఎం వంటి పెద్దాసుపత్రికి చేర్చాలి. సీటీ స్కాన్ ముఖ్యంగా రక్తస్రావాన్ని, ఎముక విరగడాన్ని పట్టుకుంటుంది. అది బాగుందంటే కంకషన్ లేదని కాదు.

మొదటి 24 నుంచి 48 గంటలు తేలికపాటి విశ్రాంతి చాలు. ఆ తర్వాత నడక, పరుగు, ఎవరినీ తాకకుండా కూత సాధన, డాక్టర్ అనుమతిచ్చాక పట్లతో సాధన, చివరికి మ్యాచ్ అన్న క్రమంలో, ఒక్కో మెట్టుకు కనీసం ఒక రోజు ఇస్తూ, లక్షణాలు పెరిగితే కిందికి దిగుతూ రావాలి. రెండు మూడు రాత్రుల్లో ముగిసే పోటీలో ఆ ఆటగాడికి ఆట అక్కడితో అయిపోయినట్టే. ఫైనల్ మీద ఆశ పెట్టుకున్న జట్లన్నింటికీ ఈ సంగతి పేర్లు నమోదు చేసేటప్పుడే చెప్పాలి.