నేరం ఒప్పుకున్నాక శిక్షపై అప్పీలు ఎలా వేయాలి?

"ఒప్పుకుంటే తక్కువలో పోతుంది" అన్న మాట నమ్మి, గంజాయి అమ్మిన కేసులో జడ్జి ముందు తప్పు ఒప్పుకునేవాళ్లు ఉంటారు. తీరా ఏళ్ల తరబడి జైలు పడ్డాక ఇంటిల్లిపాదికీ ఒకటే టెన్షన్: ఇంకేమైనా దారి ఉందా? ఉంది కానీ ఇరుకైనది.

భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 416వ సెక్షన్ (పాత సీఆర్‌పీసీలో 375) ప్రకారం, సెషన్స్ స్థాయి కోర్టులో నేరం ఒప్పుకుని శిక్ష పడినవారు "నేను ఆ నేరం చేయలేదు" అంటూ అప్పీలు వేయలేరు. శిక్ష ఎక్కువైందనో, చట్టప్రకారం లేదనో మాత్రం వేయవచ్చు. ప్లీ బార్గెయినింగ్‌లో (తక్కువ శిక్ష కోసం కోర్టు ద్వారా కుదుర్చుకునే ఒప్పందంలో) వచ్చిన తీర్పుకైతే మామూలు అప్పీలు కూడా లేదు. కాబట్టి మీది ఏ రకమో ముందు తేల్చుకోండి.

వెంటనే చేయాల్సిన పని తీర్పు కాపీ తీసుకోవడం. జైలుశిక్ష పడినవారికి దాన్ని ఉచితంగా ఇవ్వాలి. ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల చట్టం) ప్రత్యేక కోర్టు తీర్పుపై అప్పీలు హైకోర్టుకు వెళుతుంది, గడువు 60 రోజులు. సర్టిఫైడ్ కాపీ కోసం పట్టిన రోజులను ఆ లెక్కలోంచి తీసేస్తారు. గడువు దాటినా ఆశ వదులుకోకండి. ఆలస్యానికి కారణం చెబుతూ, మన్నించమని వేరే పిటిషన్ వేయవచ్చు.

కాపీ చేతికొచ్చాక చివరి పేజీలు నిదానంగా చదవండి. అసలు విషయమంతా అక్కడే ఉంటుంది. మొదట సరుకు బరువు చూడండి. గంజాయి కిలో లోపైతే గరిష్ఠ శిక్ష ఏడాది. 20 కిలోలు దాటితే కనీసం 10 ఏళ్లు, లక్ష జరిమానా. అంతకంటే తగ్గించమని అడిగి లాభం లేదు. ఈ రెండింటి మధ్య ఉంటే 10 ఏళ్ల దాకా వేయవచ్చు, కనీస శిక్ష అంటూ లేదు. తగ్గించమని గట్టిగా వాదించగల చోటు ఇదే. మొదటి కేసు, చిన్న వయసు, ఇంటి పరిస్థితి, కేవలం మోసుకెళ్లిన మనిషా అన్నవన్నీ ఇక్కడ పనికొస్తాయి.

చాలామంది చూడకుండా వదిలేసే వాక్యం ఇంకొకటి ఉంది: "జరిమానా కట్టకపోతే మరో ఏడాది జైలు." కట్టలేని పేదవాడికి అది నిజంగా అదనపు ఏడాదే. జరిమానా తగ్గకపోయినా, దాని బదులు పడే జైలుకాలాన్ని తగ్గించమని అడగవచ్చు. రిమాండ్‌లో గడిపిన రోజులను శిక్షలో కలిపారో లేదో, ఒకటికి మించి శిక్షలుంటే అవి ఏకకాలంలో నడుస్తాయో లేదో కూడా చూడండి.

తర్వాత, ఒప్పుకోలును ఎలా నమోదు చేశారో చూడండి. అభియోగాన్ని అర్థమయ్యే భాషలో చెప్పారా? లాయర్ పక్కన ఉన్నారా? శిక్ష వేసేముందు నిందితుడి మాట విన్నారా? అసలది తెలిసి, ఇష్టపడి చేసిన ఒప్పుకోలే కాదంటే 416 అడ్డురాదని వాదించే వీలుంది. ఈ ప్రశ్నలకు మీ మనిషి ఇచ్చే జవాబులు కాగితం మీద రాసి లాయర్‌కి ఇవ్వండి.

లాయర్‌ని పెట్టుకునే స్తోమత లేదా? కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం దొరుకుతుంది. 15100కు ఫోన్ చేయండి, లేదా జైలు సూపరింటెండెంట్‌ని అడగండి. జైల్లో ఉన్న మనిషి అప్పీలు కాగితాలను జైలు అధికారికి ఇస్తే, ఆయనే కోర్టుకు పంపాలి.

అప్పీలుతో పాటు శిక్ష నిలిపి బెయిల్ ఇవ్వమని కూడా అడగండి. కమర్షియల్ క్వాంటిటీ (గంజాయికైతే 20 కిలోలు దాటిన) కేసుల్లో ఎన్‌డీపీఎస్ చట్టం 37వ సెక్షన్‌లోని బెయిల్ షరతుల వల్ల అది చాలా కష్టం. అప్పీలు వేస్తే శిక్ష పెరుగుతుందేమోనని భయపడేవాళ్లూ ఉన్నారు. మీ అప్పీలులో దాన్ని పెంచరు. పెంచమని ప్రభుత్వం వేరుగా అప్పీలు వేస్తే మాత్రం, నోటీసు ఇచ్చి మీ వాదన విన్నాకే నిర్ణయిస్తారు.

అప్పీలు నంబరు రాగానే రాసి పెట్టుకోండి. ఈకోర్ట్స్ యాప్‌లో ఆ నంబరు కొట్టి, వాయిదా ఎప్పుడో మీరే చూసుకోవచ్చు.