పాత ఇంజిన్‌కు ఒకే బెల్ట్: 3వ పాఠం, ముందు దారి గీయండి

పోయిన పాఠంలో పుల్లీల సైజులన్నీ కొలిచి రాసుకోమన్నా గదా, ఆ కాగితం పక్కన పెట్టుకోండి. ఈసారి స్పానర్లతో పెద్ద పని లేదు, ఫ్యాను, రేడియేటర్ విప్పి పక్కన పెడితే చాలు. ఒక అట్టపెట్టె, పెన్ను, రొంత గ్రీజు, రెండు మూడు మీటర్ల పురికొస తెచ్చుకోండి. చానామంది బెల్ట్ కొనేసి, లేత్ షాపులో పుల్లీలు కూడా చేయించేసి, ఆ తర్వాత బెల్ట్ ఏ పుల్లీ మీదుగా ఎట్ల పోవాలో దారి వెతుక్కుంటారు, అప్పుడు డబ్బులు రెండుసార్లు పోతాయి.

అంబాసిడర్ 1489 సీసీ పెట్రోల్ ఇంజినే తీసుకుందాం. కంపెనీ నుంచి వచ్చింది ఒకటే ఫ్యాన్ బెల్ట్, ఇంజిన్ తిప్పే ఇరుసు, అంటే క్రాంక్, దాన్ని లాగుతుంది, అది వాటర్ పంపును, డైనమోను తిప్పుతుంది. మన అనంతపురం ఎండలకు తట్టుకోలేక ఏసీ పెట్టించుకుంటే కంప్రెసర్‌కు ఇంకో బెల్ట్ పడుతుంది. ఈ పాత వీ బెల్ట్ (V ఆకారం) పుల్లీ గాడి పక్కగోడలను పట్టుకుని లాగుతుంది, లావుగా ఉంటుంది కాబట్టి వెనక్కి వంచితే తొందరగా పోతుంది. కొత్త రకం పల్చన, లోపలి వైపు సన్నటి గాళ్ళు, వెనక వైపు నున్నగా, ఎటు వంచినా వంగుతుంది, అందుకే ఒకే బెల్ట్‌ను పాము మాదిరి మెలికలు తిప్పి అన్ని పుల్లీల మీదికి తీసుకుపోవచ్చు.

ఇక్కడే జాగ్రత్త. గాళ్ళ వైపు తాకిన పుల్లీ క్రాంక్ తిరిగే వైపే తిరుగుతుంది, నున్న వైపు తాకిన పుల్లీ ఎదురు తిరుగుతుంది.

నేను మొట్టమొదట చేసిన బండిలో బాగా పట్టు దొరుకుతుందని వాటర్ పంపును నున్న వైపుకు ఇచ్చినా. ఊర్లో రెండు రోజులు తిరిగితే బాగానే ఉండింది, ఎదురు తిరిగినా పంపు రొంత నీళ్ళు తోస్తూనే ఉంటుంది గదా. కడప నుంచి రాయచోటి పోతా గువ్వలచెరువు ఘాట్ ఎక్కేటప్పుడు వేడి ముల్లు పైకి పోయింది. ఈ ఇంజిన్‌కు ఫ్యాను పంపు మీదే ఉంటుంది, అదీ ఎదురు తిరిగి గాలిని ముందుకు ఊదుతా ఉండింది. మా పిల్లలు వెనక సీట్లో ఉన్నారు, ఆ భయం నాకు ఇప్పటికీ గుర్తే. అందుకే బండి స్టార్ట్ చేసిన మొదటి రోజే రేడియేటర్ ముందు ఒక న్యూస్‌పేపర్ ముక్క పెట్టి చూడండి, అతుక్కుంటే సరే, ఎగిరి ముందుకు పడితే వెంటనే ఇంజిన్ ఆపేయండి.

ఇప్పుడు గీద్దాం. ప్రతి పుల్లీ నట్టుకు గ్రీజు పూసి అట్టను ఆనించి ఒత్తండి, మచ్చలు పడతాయి, అవే కేంద్రాలు. అట్ట ఆనని చోట కేంద్రాల మధ్య దూరం టేపుతో కొలవండి. పోయిన పాఠంలో రాసుకున్న సైజులతో గుండ్రాలు గీసి, ప్రతిదాని పక్కన ఎటు తిరగాలో బాణం గుర్తు పెట్టండి.

తర్వాత చుట్టు. బెల్ట్ పుల్లీని ఎంత భాగం కౌగిలిస్తే అంత పట్టు. గడియారం ముఖం అనుకోండి, కంప్రెసర్, ఆల్టర్నేటర్‌లకు (డైనమో బదులు కరెంటు ఇచ్చేది) కనీసం 20 నిమిషాలంత చుట్టు ఉండాలి, అంటే 120 డిగ్రీలు, క్రాంక్‌కైతే 25 నిమిషాలు అంటే 150. నేను పాటించే లెక్క ఇదే. తక్కువైతే ఏసీ వేయగానే బెల్ట్ కీచుమంటుంది. అలాంటి చోట బయట నుంచి నున్న వైపు ఒక ఐడ్లర్ (ఊరికే తిరిగే పుల్లీ) పెట్టి లోపలికి నొక్కితే అటూ ఇటూ ఉన్న పుల్లీలకు చుట్టు పెరుగుతుంది.

బెల్ట్‌ను స్ప్రింగుతో బిగువుగా ఉంచే టెన్షనర్‌ను ఎక్కడంటే అక్కడ పెట్టకూడదు. బండి ముందు నిలబడి చూస్తే క్రాంక్ గడియారం ముల్లు మాదిరి తిరుగుతుంది, మన కుడి చేతి వైపు బెల్ట్‌ను కిందికి లాక్కుంటుంది, ఎడమ వైపు వదులుతుంది. వదులుండేది ఎడమ వైపు, టెన్షనర్ అక్కడే, క్రాంక్ దాటిన వెంటనే. బిగువు వైపు పెడితే లోడ్ పడినప్పుడల్లా స్ప్రింగు ఊగుతుంది.

చివరగా అట్ట మీద కేంద్రాల దగ్గర గుండ్రాల సైజుకు సరిపడే మూతలు గానీ డబ్బాలు గానీ అతికించి, టెన్షనర్‌ను దాని కదలికకు సగంలో పెట్టి పురికొస చుట్టండి. ఉదాహరణకు 1800 మిల్లీమీటర్లు వచ్చి, 6 గాళ్ళ బెల్ట్ అనుకుంటే షాపులో 6పీకే 1800 అని అడగాలి. కానీ ఇప్పుడే కొనొద్దు, వచ్చే పాఠంలో బ్రాకెట్లు బిగించాక కేంద్రాలు రొంత జరుగుతాయి, అదే పురికొసతో ఇంజిన్ మీదే మళ్ళీ కొలుద్దాం.