లోడు ఎక్కించే ముందు పికప్ టైర్లలో గాలి చూసుకోండి

ఎండల్లో బరువుతో దూరం బయల్దేరేవాళ్ళ కోసం.

వెనక టైర్లలో గాలి లోడుకు ముందే పెంచండి. తక్కువ గాలితో బరువు మోస్తే టైరు పక్కగోడలు ప్రతి చుట్టుకీ నలిగి వేడెక్కి, చివరికి పేలతాయి. ప్రాణం మీదికొచ్చే తప్పు ఇదే.

ఎంత పెట్టాలో డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ చెబుతుంది. ఖాళీకీ, ఫుల్ లోడుకీ వేర్వేరు అంకెలుండొచ్చు. టైరు మీద అచ్చయినది గరిష్ఠ పరిమితి, దాన్ని నమ్మి కొట్టించకండి.

బండి ఆగిన 3 గంటల తర్వాతే కొలవండి. వేడి టైరు ఎక్కువ చూపిస్తుంది. అది చూసి గాలి తీసేయకండి.

వాల్వ్ మీద ఉమ్మితడి వేలు పెట్టండి. బుడగొస్తే లీకే.

లోడు దించాక తగ్గించండి, లేకపోతే వెనక భాగం ఎగిరెగిరి పడుతుంది.

స్టెప్నీ కూడా చూడండి.