పెద్దవాళ్లతో రైలు ప్రయాణం – మూడో పాఠం: అడుగుల పొదుపు

పోయిన పాఠంలో టికెట్ దాకా వచ్చాం. కింది బెర్తు కోటా మగవాళ్లకు 60, ఆడవాళ్లకు 45 ఏళ్లు నిండితే వస్తుందనీ, ఆ టికెట్ మీద ఒక్కరు గానీ, ఆ వయసువాళ్లే ఇద్దరు గానీ ఉండాలనీ చెప్పుకున్నాం. చివర్లో ఒక హోంవర్కు ఇచ్చాను: మీతో వచ్చే పెద్దమనిషి ఆగకుండా ఎన్ని అడుగులు వేయగలరో ఇంట్లోనే లెక్కపెట్టమని.

మా అత్తయ్యకు 78. రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. చేతికర్ర పట్టుకుని 120 అడుగులు వేస్తారు, ఆ తర్వాత కూర్చోవాల్సిందే. ఆవిడ అడుగు జానెడున్నరకు మించదు. ఒక బోగీ పొడవు దాదాపు 24 మీటర్లు. అంటే ఆవిడ ఓపికంతా కలిపినా రెండు బోగీల దూరం కూడా రాదు. 24 బోగీల రైలు నిలబడితే అర కిలోమీటరు దాటుతుంది.

ఈ లెక్క తలకెక్కితే సగం పాఠం వచ్చేసినట్టే. ఆ 120 అడుగులు మన చేతిలో ఉన్న డబ్బు అనుకోండి. గేటు దగ్గరా, వంతెన దగ్గరా ఖర్చు పెట్టేస్తే రైలు తలుపు దగ్గర చేతిలో చిల్లర ఉండదు. అసలు ఖర్చు అక్కడే ఉంది.

విజయవాడ జంక్షన్‌నే ఉదాహరణగా తీసుకుందాం. పది ప్లాట్‌ఫారాలు. మెయిన్ గేటులోంచి లోపలికి రాగానే ఒకటో నంబరు. రైలు దాని మీదకొస్తే అదృష్టం. ఆరో, ఏడో అయితే వంతెన తప్పదు, కాబట్టి లిఫ్టు కావాలి. సికింద్రాబాద్ నుంచి వెళ్లేవాళ్లు మాత్రం ముందు టికెట్ మీద స్టేషన్ పేరు చూసుకోండి. అక్కడ స్టేషన్ కొత్తగా కడుతున్నందువల్ల కొన్ని రైళ్లు చర్లపల్లికి మారాయి. ఆటో దిగాక ఆ సంగతి తెలిస్తే ఏ వీల్‌చైరూ కాపాడదు.

ఆటో దిగగానే అందరం చేసే తప్పు ఒకటుంది. పెద్దావిడను నెమ్మదిగా నడిపించుకుంటూ వీల్‌చైర్ వెతకడానికి బయల్దేరతాం. అలా కాదు, కుర్చీనే ఆవిడ దగ్గరికి తేవాలి. ఆటోవాడితో ముందే మాట్లాడుకోండి, పది నిమిషాలు ఆగితే ఇంత ఇస్తానని. ఆవిడను ఆటోలోనే కూర్చోబెట్టి, ఒకరు పక్కన ఉండి, ఇంకొకరు స్టేషన్ మాస్టర్ ఆఫీసుకు వెళ్లండి. కుర్చీకి డబ్బు కట్టక్కర్లేదు. కొన్నిచోట్ల గుర్తింపు కార్డు తీసి ఉంచుకుంటారు, మర్చిపోకుండా వెనక్కి తీసుకోండి. తోయడానికి కూలీని పెట్టుకుంటే రేటు ముందే మాట్లాడుకోండి. రైలు వచ్చాక బేరం ఆడితే ఇద్దరికీ టెన్షనే.

కుర్చీ చేతికి రాగానే మూడు చూడండి: బ్రేకులు పడుతున్నాయా, కాళ్లు పెట్టుకునే పలకలు రెండూ ఉన్నాయా, చక్రాల్లో గాలి ఉందా. పలక ఒకటి లేని కుర్చీ వద్దే వద్దు. కాలు కింద ఈడ్చుకుపోయి చీర చక్రంలో పడుతుంది.

తోయడం అందరికీ వచ్చనుకుంటాం. ఎదురు ర్యాంపు ఎక్కించేటప్పుడు ముందుకు తోయండి. దిగేటప్పుడు మాత్రం కుర్చీని తిప్పి, మీరు కింద వైపు ఉండి, వెనక్కి నడుస్తూ దించండి. ముందుకు దించితే మనిషి జారి ముందుకొస్తారు. లిఫ్టులోకీ వెనక్కి నడుస్తూనే లాగండి. ముందున్న చిన్న చక్రాలు తలుపు సందులో ఇరుక్కునేది ముందుకు తోసినప్పుడే. ఎస్కలేటర్ జోలికి అసలు పోవద్దు, కుర్చీతోనే కాదు, చేతికర్రతో కూడా. ప్లాట్‌ఫారం మీద ఆగితే కుర్చీని పట్టాల వైపు తిప్పి పెట్టకండి. పట్టాలు ఎటు పోతున్నాయో చక్రాలు కూడా అటే ఉండేలా నిలిపి, రెండు బ్రేకులూ వేయండి. పలకరించడానికి ఎవరైనా వచ్చినా సరే, బ్రేకు చూసుకున్నాకే చెయ్యి వదలాలి.

ఇప్పుడు అసలు లెక్క: మన బోగీ ఎక్కడ ఆగుతుంది? ప్లాట్‌ఫారం మీద బోగీ నంబర్లు చూపించే బోర్డులుంటాయి. ఫోన్‌లో వేర్ ఈజ్ మై ట్రైన్ యాప్ పెట్టుకుంటే బోగీల వరస కూడా కనిపిస్తుంది. విజయవాడలో మాత్రం ఒక మెలిక ఉంది. వైజాగ్ వైపు నుంచి వచ్చి ఇక్కడ ఆగి వరంగల్ వైపు వెళ్లే రైళ్లకు ఇంజను ఒక చివర నుంచి ఇంకో చివరకు మారుతుంది. వచ్చేటప్పుడు ముందున్న బోగీ వెళ్లేటప్పుడు వెనకబడుతుంది. వైజాగ్‌లో ఎక్కించిన తమ్ముడు ఫోన్ చేసి “ఇంజను నుంచి మూడోదే అక్కా” అంటే, వరంగల్‌లో దించుకోవడానికి వచ్చే మరిదికి అదే మాట చెప్పకండి. రెండు చివరల మధ్య అత్తయ్య లెక్కన వెయ్యి అడుగులు దాటుతాయి.

ఇంజను లెక్క తప్పి ఒకసారి నేనే పొరపాటు చేశాను, ఏ స్టేషనో ఎందుకులెండి. రైలు వచ్చి ఆగింది, మా బోగీ అటు చివర. నేను కంగారుగా కుర్చీ తోసుకుంటూ పరుగెత్తబోతే కూలీ ఆపాడు. “అమ్మా, పెద్దమ్మను నాకొదలండి. మీరు సంచులు పట్టుకుని ముందు పరుగెత్తి, తలుపు దగ్గర జనాన్ని ఆపండి” అన్నాడు. నాలుగు నిమిషాల్లో ఎక్కించేశాం. అప్పటి నుంచి ఒకరు మనిషి దగ్గర, ఒకరు తలుపు దగ్గర అన్నది మా ఇంట్లో నియమమైంది. సామానుకు ఒక తలుపు, మనిషికి ఒక తలుపు, అది కూడా బెర్తుకు దగ్గరగా ఉన్నది.

తలుపు దగ్గర ఏం జరుగుతుందంటే, ఎత్తు ప్లాట్‌ఫారం పట్టాల నుంచి 76 నుంచి 84 సెంటీమీటర్లు ఉంటుంది. ఇప్పటి ఎల్‌హెచ్‌బీ అనే కొత్త రకం బోగీ నేల దాదాపు 130. మధ్యలో అడుగున్నర పైచిలుకు ఎత్తు. అందుకే ఆగిన రైలు చూసి అత్తయ్య ముఖం చిన్నబోతుంది.

ఎక్కించే ముందు పలకలు పైకి మడవండి, బ్రేకు వేయండి, అప్పుడే లేపండి. నడుముకు గట్టి తుండుగుడ్డ చుట్టి ముడేస్తే మీకు పట్టు దొరుకుతుంది. చంకల్లోంచి ఎత్తడం, మణికట్టు పట్టి లాగడం వద్దు, భుజం పట్టేస్తుంది. రెండు చేతులూ తలుపు కమ్మీల మీద పెట్టించండి. ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు. దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. మీరు ఎప్పుడూ కింది వైపే ఉండాలి: ఎక్కేటప్పుడు వెనక, దిగేటప్పుడు ముందు. లోపల ఒకరుంటే వాళ్లు చేయి అందించాలి గానీ లాగకూడదు. “ఒకటి, రెండు, ఎక్కు” అని లెక్కపెడితే ఆవిడా మీతో కలిసి ప్రయత్నిస్తారు. ఉలిక్కిపడేలా ఎత్తేస్తే కాళ్లు బిగుసుకుపోతాయి.

బెర్తుల మధ్య దారిలో కుర్చీ పట్టదు. తలుపు నుంచి బెర్తు దాకా ఆ చివరి ఇరవై, ముప్ఫై అడుగులు ఆవిడే వేయాలి. మనం పొద్దుటి నుంచి దాచిపెట్టింది వీటి కోసమే.

ఈ వారం హోంవర్కు: ఇంటి ముందు మెట్టు దగ్గర తుండుగుడ్డ కట్టి, ఎక్కడం, దిగడం ఐదేసి సార్లు. మొదటి రెండుసార్లు మీరు పెద్దవాళ్లలా నటించి, పట్టుకునే పని ఇంకొకరికి ఇవ్వండి. గుడ్డ ఎక్కడ ఒరుసుకుంటుందో మీకే తెలుస్తుంది. వచ్చే పాఠం దిగడం గురించి: రాత్రి రెండు గంటలకు రెండే నిమిషాలు ఆగే స్టేషన్‌లో దిగాల్సి వస్తే రైల్వే సహాయ నంబరు 139కి ఎప్పుడు ఫోన్ చేయాలి, ఏం చెప్పాలి.