పెయింటర్‌ను పిలవాలా, వద్దా: ముందు గోడను పరీక్షించండి

ఇంటికి రంగు వేయాలనుకోగానే పని మనమే చేసుకోగలమా, పెయింటర్‌ను పెట్టుకోవాలా అన్న సందేహం వస్తుంది. మనం తీరికనూ ఖర్చునూ బేరీజు వేసుకుంటాము గానీ, ముందుగా చూడవలసింది గోడ పరిస్థితిని.

సమస్య: రంగు మాసింది, గోడ మాత్రం గట్టిగా ఉంది.
తట్టినప్పుడు డొల్ల శబ్దం రాకపోతే, అరచేత్తో రాసినప్పుడు పొడి అంటకపోతే ఈ పనికి పెయింటర్ అక్కరలేదు. గోడను శుభ్రంగా తుడిచి, మేకుల రంధ్రాలను పుట్టీతో పూడ్చి, రెండు కోట్లు వేసుకోవచ్చు.

సమస్య: చేతికి సుద్దలా పొడి అంటుతోంది.
పాత సున్నమో డిస్టెంపరో ఉండటం, లేదా ఎండావానలకు రంగు పట్టు కోల్పోవడం ఇందుకు కారణం. దాని మీదే ఎమల్షన్ (నీటితో కలిపి వేసే గోడ రంగు) వేస్తే అది గోడను గాక పొడిని పట్టుకుంటుంది, కొన్నాళ్లకు పొడితో సహా ఊడివస్తుంది. గోకి, తుడిచి, ఆరాక ప్రైమర్ (రంగు గోడను పట్టుకునేలా ముందుగా వేసే పూత) వేయాలి. ఒక గదికైతే ఇది మనమే చేసుకోదగిన పని; ఇల్లంతా గోకవలసి వస్తే మాత్రం, ఆ దుమ్ములో రెండో రోజుకే చేతులెత్తేసే అవకాశం ఎక్కువ కనుక, పెయింటర్‌ను పెట్టుకోవడమే నయం.

సమస్య: పొక్కులు, పెచ్చులు, తెల్లటి ఉప్పు.
చాలామంది హడావుడిగా పెయింటర్‌ను పిలిచేది ఇక్కడే. నా దృష్టిలో పిలవకూడనిదీ ఇక్కడే. ఒక పొక్కును చాకుతో కోసి వెనుక ఏముందో చూడండి. పాత రంగు పొర కనిపిస్తే లోపం రెండు పూతల మధ్య పట్టులో ఉంది, దానిని గోకి సరిచేయవచ్చు. నేరుగా ప్లాస్టరింగే కనిపిస్తే చెమ్మను అనుమానించాలి. అది ఎటునుంచి వస్తున్నదో తేల్చుకోవడానికి మూరెడు పొడవు, మూరెడు వెడల్పు ఉన్న పాలిథీన్ ముక్కను నాలుగు అంచులా టేపుతో గోడకు అంటించి, ఒక రోజు తరువాత చూడండి. గోడవైపు నీటి బిందువులు పడితే నీరు గోడలోంచే వస్తోంది. గదివైపు పడితే గదిలో గాలి ఆడటం లేదు. మొదటి సందర్భంలో పైపో పైకప్పో బాగుచేయవలసిన ప్లంబరు, మేస్త్రీ ముందు రావాలి, గోడ పూర్తిగా ఆరిన తరువాతే రంగు సంగతి. ఉప్పును పొడి బ్రష్షుతో దులపాలి. నీళ్లతో కడిగితే కరిగి మళ్లీ గోడలోకే ఇంకుతుంది.

సమస్య: బీటలు.
వెంట్రుకవాసి నెర్రెలకు పుట్టీ చాలు. వెడల్పాటి బీట రెండు కొసలలోనూ పెన్సిలుతో గీత గీసి, తేదీ వేసి ఉంచండి. ఆ గీత దాటి పెరిగితే పిలవవలసింది పెయింటర్‌ను కాదు, ఇంజనీరును.

సమస్య: ఎత్తైన బయటి గోడలు, లేదా దశాబ్దాల నాటి ఎనామెల్ (నూనె రంగు).
ఇక్కడ మాత్రం అనుభవజ్ఞులకే అప్పగించాలి. మొదటిదానిలో పడిపోయే ప్రమాదం ఉంది. రెండోదానిలో సీసం ఉండవచ్చు గనుక, పొడిగా అరగదీస్తే లేచే దుమ్ము ముఖ్యంగా పిల్లలకు హానికరం. వచ్చిన పెయింటర్‌ను ఎన్ని కోట్లు వేస్తారని అడిగే ముందు, పాత పూతను ఎలా తీస్తారో, ఆ దుమ్మును ఎలా అదుపు చేస్తారో, ఏ ప్రైమర్ వాడతారో అడిగి కాగితం మీద రాయించుకోండి.